భారతయాత్రలో ఛాయాచిత్రం

యాత్రికుడు వట్టి చేతులతో ఇల్లు చేరడం మన దేశంలో ఏనాడూ ఆచారం కాదు. కాశికి పోయినవాడు గంగాజలం నింపిన చెంబును, కాశీదారాన్ని తెచ్చినాడు; రామేశ్వరం పోయినవాడు సేతువు దగ్గరి ఇసుకను మూటగట్టినాడు; పూరీకి పోయినవాడు జగన్నాథుని పటాన్ని చుట్టచుట్టి భద్రంగా తెచ్చినాడు. తాను చూచినదానిలో పిసరంతైనా చూడనివారికి పంచవలెననే కోరిక ఈ వస్తువులన్నిటి వెనుకా ఉన్నది. వ్రాత నేర్చినవారు ఆ కోరికను మాటలతో తీర్చుకొన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీ గయలు సేవించి, పదిహేను నెలల మీద కొన్ని దినాలకు 1831లో మరలివచ్చినాడు. దారిలోని ఊళ్లను, సత్రాలను, నదుల రేవులను, దొరికే సరుకులను, మనుష్యుల నడవడిని ఆయన నాటికి నాడు వ్రాసి ఉంచినాడు. ఆ దినచర్యయే ‘కాశీయాత్రచరిత్ర’ పేరుతో 1838లో అచ్చయినది.

ఆ మరుసటి ఏడు, 1839లో, పారిస్ నగరపు విద్వత్సభలో డాగేర్ అనే చిత్రకారుడు సాధించిన ఒక కొత్త విద్య వెల్లడి అయినది. వెండిపూత పూసిన రాగిరేకు మీద వెలుగే స్వయంగా బొమ్మను నిలుపగలదని లోకం ఆనాడు తెలుసుకొన్నది. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ కాగితం మీద నెగెటివును తీసి, దాని నుండి ఎన్ని ప్రతులనైనా దింపగల పద్ధతిని సాధించి 1841లో దానిపై హక్కు పొందినాడు. ఈ వార్త ఓడలెక్కి త్వరలోనే మన రేవులకు చేరినది. మాటలతో మాత్రమే మోసుకొని రాదగిన దేశదృశ్యాన్ని ఇకమీదట పెట్టెలో పెట్టుకొని తేవచ్చును. అయితే ఆ పెట్టె ఎవరి చేతిలో ఉన్నది, దేనివైపు తిరిగినది, ఎవరి కొరకు తెరచుకొన్నది అనే ప్రశ్నలు కూడా ఆనాడే పుట్టినవి. భారతదేశంలో యాత్రికుని ఛాయాచిత్రానికి గల చరిత్ర అంతా ఈ ప్రశ్నలకు కాలం చెప్పిన సమాధానమే.

నేటి పాఠకుడు మొదట గుర్తుంచుకొనవలసినది ఆ పని యొక్క బరువు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనుగొన్న కొలోడియన్ పద్ధతి సుమారు మూడు దశాబ్దాలు రాజ్యమేలినది. గాజుపలక మీద జిగురు వంటి ద్రవాన్ని సమంగా పోయవలెను; చీకటిలో దానిని వెండి ఉప్పు నీటిలో ముంచవలెను; తడి ఆరకముందే కెమేరాలో పెట్టి చిత్రం తీయవలెను; వెంటనే మరల చీకటిలోకి పోయి దానిని కడిగి స్థిరపరచవలెను. ఈ తతంగమంతా కొద్ది నిమిషాలలో ముగియకపోతే పలక వ్యర్థం. అందువల్ల కొండమీదికి పోయినా, గుడి ముంగిట నిలిచినా, చిత్రకారునితో పాటు ఒక చీకటి గుడారం, మందుల సీసాల పెట్టెలు, గాజుపలకల పేటికలు, నీళ్ల కుండలు కూడా పోవలసిందే. మన ఎండలకు మందులు ఆవిరయ్యేవి. వానకాలపు చెమ్మకు కాగితాలు బూజుపట్టేవి. దారిలో బండి ఒరిగితే నెలల శ్రమ పెంకులయ్యేది. ఇంత కష్టమున్నా ఈ విద్య మీద మక్కువ తగ్గలేదు. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసు నగరాలలోను ఛాయాచిత్ర సంఘాలు వెలసినవి.

ఈ సంఘాలలో తెల్లవారు మాత్రమే ఉండలేదు. బొంబాయిలో వైద్యుడు నారాయణ దాజీ, కలకత్తాలో పండితుడు రాజేంద్రలాల్ మిత్ర మొదటినుండి పాల్గొన్నవారు. కాని 1857లో రాజేంద్రలాల్ మిత్ర నీలిమందు తోటల దొరల దౌర్జన్యాన్ని గురించి బహిరంగసభలో నిర్భయంగా మాట్లాడినందుకు కలకత్తా సంఘం ఆయనను వెలివేసినది. కటకం ముందు అందరూ సమానులే అనిపించినా, కటకం వెనుక నిలిచే హక్కు విషయంలో సమానత లేదని ఈ ఒక్క సంఘటన చాటినది. జైపూరు మహారాజు సవాయి రామసింగు వంటి సంపన్నులు తమ కోటలలోనే చీకటిగదులు కట్టించుకొని ఈ విద్యను సాధించగలిగినారు. సామాన్యుడైన భారతీయునికి మాత్రం చాలకాలం కెమేరా ఎదుట నిలుచుండే పాత్రయే దక్కినది, లేదా దానిని మోసే పాత్ర.

దేశంలోని స్మరణీయ స్థలాల చిత్రణకు మొదట పూనుకొన్నది ఈస్టిండియా కంపెనీ. దానికి కళాభిమానం కంటె పొదుపు ప్రేరణ. గుళ్లను, శాసనాలను చేతితో గీసే చిత్రకారునికి నెలలు పట్టే పనిని కెమేరా ఒక పూటలో ముగిస్తుందని లెక్క చూచినారు. 1855లో థామస్ బిగ్స్ అనే సైనికోద్యోగిని ఈ పనిలో నియమించగా, ఆయన బిజాపురం, బాదామి, ఐహొళె మొదలైన చోట్ల తిరిగి చిత్రాలు తీసినాడు. మద్రాసు రాజధానిలో ఈ పని లినేయస్ ట్రైప్ అనే కెప్టెనుకు లభించినది. ఆయన 1854లోనే హళేబీడు, బేలూరు దేవాలయాలను చిత్రించినాడు. 1855లో బర్మా రాజు మిండోన్ వద్దకు పోయిన రాయబారవర్గంతో కూడి అమరపురాన్ని, పగానును చిత్రించి వచ్చినాడు. 1856లో మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడైనాడు.

ట్రైప్ 1858లో శ్రీరంగం, తంజావూరు, మధురల మీదుగా ఎడ్లబండ్లతో చేసిన యాత్ర ఈ చరిత్రలో మరువరానిది. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం చుట్టూ చెక్కిన శాసనాన్ని ఆయన ముక్కలు ముక్కలుగా చిత్రించి, ఇరువదియొక్క చిత్రాలను ఒకదానికొకటి అతికి, పందొమ్మిది అడుగులకు మించిన ఒకే పటంగా కూర్చినాడు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే భక్తుని కన్ను వరుసగా చూచేదానిని చదువరి తన బల్ల మీద పరచుకొని చదువగలిగినాడు. యంత్రానికి ఓర్పు తోడైతే ఏమి సాధ్యమో ఆ పటం చూపుతుంది. ఆకాశం నెగెటివులో వెలవెలపోతే ట్రైప్ కుంచెతో మబ్బులు దిద్దేవాడు. చిత్రం ఎంత నిజమో అంత చేతిపని కూడా అనే సంగతిని ఈ మబ్బులు మనకు గుర్తుచేస్తున్నవి.

తెలుగువారికి ట్రైప్ చేసిన ఉపకారం మరొకటి ఉన్నది. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి దిబ్బను త్రవ్వించి తీసిన పాలరాతి శిల్పాలు మద్రాసుకు చేరి, ఏండ్ల తరబడి ఆదరణ లేక పడి ఉన్నవి. 1858లో ట్రైప్ వాటిని ఒక్కొక్కటిగా చిత్రించినాడు. మరుసటి ఏడు ఆ శిల్పాలు ఓడలెక్కి లండనుకు పోయినవి. నేటికీ బ్రిటిషు మ్యూజియంలో ఉన్నవి. కృష్ణాతీరంలో పుట్టిన ఆ రాళ్లు ఈ నేలమీద ఉన్న చివరి దినాలలో ఎట్లా ఉండినవో చెప్పే సాక్ష్యం ఆ చిత్రాలే. ఇంతటి పనికి లభించిన ఫలితం ఏమి? 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్, ఖజానా ఉన్న స్థితిలో ఇది విలాసమని తలచి ఆ కార్యాలయాన్నే మూసివేయించినాడు. పొదుపు పేరుతో మొదలైన పని పొదుపు పేరుతోనే ఆగినది.

ఇటువంటి పనులను విలాసమనడం ఎంత పొరపాటో అజంతా కథ రుజువు చేస్తున్నది. నిజాం రాజ్యంలోని ఆ గుహలలో మేజరు రాబర్ట్ గిల్ 1840లలో నివాసమేర్పరచుకొని, కుడ్యచిత్రాలకు పెద్దపెద్ద నకళ్లు వ్రాసి ఇంగ్లండుకు పంపినాడు. ఏండ్ల తపస్సు వంటి ఆ కృషిలో పెద్దభాగం 1866లో లండను క్రిస్టల్ ప్యాలెస్ భవనం అంటుకొన్నప్పుడు బూడిదయినది. అయితే గిల్ ఆ పాటికి కెమేరా కూడా చేపట్టి ఉన్నాడు. ఆయన తీసిన అజంతా, ఎల్లోరా గుహల చిత్రాలు ఫెర్గుసన్ వివరణతో 1864లోనే పుస్తకంగా వెలువడినవి. ఒక్కటే ప్రతి గల చిత్రలేఖనం మంటపాలు కాగా, పలు ప్రతులు గల ఛాయాచిత్రం మిగిలినది. కెమేరాకు రంగులు తెలియని ఆ కాలంలో మిగిలినది ఆకారం మాత్రమే కావచ్చును. అయినా అది మిగిలినది.

ఛాయాచిత్రం నిజాన్ని నిలుపుతుందనే నమ్మకానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. 1857 మహాసంగ్రామం అణగారిన తరువాత ఫెలీచే బేటో అనే చిత్రకారుడు 1858లో లక్నో చేరి యుద్ధం నడచిన తావులను చిత్రించినాడు. సికందర్‌బాగులో చెల్లాచెదురుగా పడి ఉన్న మానవకంకాళాల చిత్రం వాటిలో ప్రసిద్ధం. కాని అక్కడి హత్యాకాండ 1857 నవంబరులో జరిగినది. చిత్రం తీసినది నెలల తరువాత. ఆ ఎముకలను చిత్రం కొరకు తెచ్చి పరిపించినారని చరిత్రకారులు భావిస్తున్నారు. స్థలం నిజమైనదే, ఎముకలు నిజమైనవే, కూర్పు మాత్రం చూపించేవాని ఇచ్చ. అదే లక్నోను పురపాలక ఇంజనీరు దరోగా అబ్బాస్ అలీ 1874లో ఏబది చిత్రాలతో ఒక పుస్తకంగా ప్రచురించినాడు. నిలిచి ఉన్న ఇమాంబాడాలను, తోటలను, దర్వాజాలను ఆయన తన ఊరిగా చూచినాడు. ఒకే నగరాన్ని ఒకరు విజయస్థలంగానూ మరొకరు ఇంటిగానూ చూడవచ్చును. కటకం రెంటికీ లొంగుతుంది.

ప్రకృతిని వెదకుచు పోయినవారిలో సామ్యూల్ బోర్న్ అగ్రగణ్యుడు. నాటింగ్‌హాంలో బ్యాంకు గుమాస్తాగిరి వదలి 1863లో భారతదేశం వచ్చిన ఈ యువకుడు సిమ్లా నుండి మూడు మారులు హిమాలయయాత్ర చేసినాడు. 1863లో సట్లెజ్ లోయకు, 1864లో కాశ్మీరానికి, 1866లో కులూ, స్పితీల మీదుగా గంగోత్రికి ఆయన వెళ్లినాడు. మూడవ యాత్రలో పద్దెనిమిదివేల అడుగులకు పైబడిన మణిరంగ్ కనుమ మీద గుడారం వేయించి, వ్రేళ్లు కొంకర్లు పోతుండగా గాజుపలకలను తడిపి చిత్రాలు తీసినాడు. అంత ఎత్తున అటువంటి పని అంతకుముందు ఎవరూ చేయలేదు. మంచుకొండల నిశ్శబ్దాన్ని, దేవదారువనాల నీడను, గంగ పుట్టే హిమానీనదపు ముఖాన్ని బయటి ప్రపంచం ఆ చిత్రాలలోనే చూచినది.

కాని ఆ చిత్రాలలో ప్రముఖంగా కనిపించనివారు కొందరున్నారు. పెట్టెలను, గాజుపలకలను, గుడారాలను, వంటసామానును మోసుకొని ఆ కనుమల మీదికి ఎక్కిన కూలీలు వారు. కాశ్మీరయాత్రలో నలువదిమందికి పైగా, చివరి యాత్రలో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. చాలీచాలని కంబళ్లతో మంచులో రాత్రులు గడపలేక వారు దారిలో బరువులు దించి పారిపోయేవారు. బోర్న్ వారిని వెదకించి బలవంతాన మరల పనిలోకి తెచ్చేవాడు. కర్ర కూడా ఎత్తినాడు. ఈ సంగతి శత్రువులు చెప్పినది కాదు, లండను ఛాయాచిత్ర పత్రికకు ఆయనే వ్రాసిన లేఖలలో ఉన్నది. హిమాలయశోభను గురించి ఆ చిత్రాలు చెప్పేదంతా సత్యమే. ఆ శోభను లోయలోకి దించిన వీపులను కూడా తలచుకొన్నప్పుడే ఆ సత్యం పూర్తి అవుతుంది. బోర్న్ 1870లో స్వదేశానికి మరలిపోయినాడు. ఆయన పేరు మీద వెలసిన బోర్న్ అండ్ షెపర్డ్ చిత్రశాల కలకత్తాలో 2016 దాకా నడచి మూతపడినది.

భారతీయుడు తన దేశాన్ని తానే విస్తారంగా చిత్రించిన ఘట్టం లాలా దీన్‌దయాళ్‌తో వచ్చినది. ఆయన 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టినాడు. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి 1866లో ఇండోరులోని మరామతు శాఖలో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరినాడు. వేడుకగా చేపట్టిన కెమేరా వృత్తి అయినది. లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతంలో పర్యటించి, గ్వాలియరు, ఖజురాహో, సాంచి మొదలైన తావులను ఆయన చిత్రించగా, ఆ చిత్రాలు 1886లో గ్రంథంగా వెలువడినవి. ఇంజనీరు కన్ను గల దీన్‌దయాళ్ చిత్రాలలో రాతికట్టడపు బరువు, నిలువు, నీడ లెక్కతప్పకుండా కనిపిస్తవి. కట్టడం పక్కన నిలిపిన మనిషి వల్ల దాని ఎత్తు చదువరికి తెలిసిపోతుంది.

1885లో ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడైనాడు. సికందరాబాదులో చిత్రశాల తెరచినాడు. ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ఒక ఆంగ్లవనిత నిర్వహణలో ప్రత్యేక చిత్రశాల పెట్టించినాడు. 1894లో ఆయనకు రాజా ముసవ్వర్ జంగ్ బహాదూర్ అనే బిరుదు లభించినది. చార్మినారు వీధులు, ఎల్లోరా గుహలు, నిజాం కొలువు, సైనికుల కవాతులు, కరవుకాలంలో పనులకు చేరిన కూలిజనం, అన్నీ ఆయన పలకలకు ఎక్కినవి. ఒకే పెట్టెలో కొలువుకూటపు దీపాలవరుస, కరవుపనిలో తట్టలెత్తిన చేతులు చోటు చేసుకొన్నవి. దీన్‌దయాళ్ 1905లో మరణించినాడు. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచినది. హైదరాబాదు పాతబస్తీ వీధిని నూరేండ్లకు ముందటి రూపంలో చూడగోరినవారికి నేడు ఆ పలకలే దిక్కు.

దీన్‌దయాళ్ చిత్రాలలో మరొక వర్గం ఉన్నది, అవి వేటచిత్రాలు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం రాజ్యానికి వచ్చి వరంగల్లు ప్రాంతపు అడవులలో వేటాడినాడు. చచ్చి పడి ఉన్న పెద్దపులి, దాని వెనుక తుపాకితో నిలిచిన ప్రభువు, పక్కన దొరసాని, ఇది ఆ కాలపు యాత్రాస్మృతి. ఆ రోజులలో భారతీయారణ్యం నుండి ఇంటికి తీసుకొనిపోదగిన జ్ఞాపికలు రెండే: పులితోలు, పులితోలు కాబోయే పులిమీద కాలుమోపి తీయించుకొన్న ఛాయాచిత్రం. మృగం కదలకుండా ఉండవలెనంటే అది చచ్చి ఉండవలెను. తడిపలకల కెమేరాకు బ్రతికిన పులిని చూచే శక్తి లేదు. కాబట్టి ఆ చిత్రాలకు ఆచారంతో పాటు యంత్రపు అశక్తత కూడా కారణమే. 1880ల నాటికి ముందుగా సిద్ధం చేసి ఉంచుకొనే పొడిపలకలు, తరువాత చుట్టగా చుట్టిన ఫిల్ములు వచ్చినవి. కెమేరా చేతికి ఇమిడినది. రెప్పపాటులో చిత్రం తీయడం సాధ్యమైనది. యంత్రానికి శక్తి వచ్చిన తరువాత కూడా ఆచారం మారడానికి ఒక మనిషి కావలసి వచ్చినాడు.

ఆ మనిషి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, ఐక్యపరగణాలలో అటవీశాఖోద్యోగి. వినోదం కొరకు మృగాలను చంపడం ఆయనకు గిట్టదు. శివాలిక్ కొండల పాదాలలోని అడవులలో పులి నడిచే కాలిబాటలను గుర్తించి, దారికి అడ్డంగా కంటికి కనపడని సన్నని తీగ కట్టి, దానిని కెమేరాకు, మెరుపుమందుకు తగిలించి ఆయన వచ్చేసేవాడు. రాత్రివేళ పులి పాదం తీగకు తగలగానే మెరుపు మెరిసి కెమేరా మూత తెరచుకొనేది. తన చిత్రాన్ని పులి తానే తీసుకొన్నదన్నమాట. వానకు మందు తడిసిపోయేది, తీగకు పంది తగిలేది, ముళ్లపంది తగిలేది, ఏనుగు వచ్చి మొత్తం సరంజామాను త్రొక్కిపోయేది. ఏండ్ల తరబడి పట్టు విడువని కృషికి ఫలంగా, స్వేచ్ఛగా అడవిలో నడుస్తున్న పెద్దపులి చిత్రాలు ఆయనకు దక్కినవి. 1925లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక వాటిని ప్రచురించినది. 1927లో ‘విత్ ఎ కెమేరా ఇన్ టైగర్‌లాండ్’ అనే ఆయన గ్రంథం వెలువడినది. తుపాకి గొట్టం చివర కాక, తన దారిన తాను పోతున్న పులి ముఖాన్ని పాఠకలోకం ఆ పుటలలో చూచినది.

ఆ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూచిన ఛాంపియన్ ఒక చిన్న సంగతిని గమనించినాడు: ఏ రెండు పులుల చారలూ ఒకటిగా లేవు, చిత్రం దగ్గర ఉంటే ఏ పులి ఏదో గుర్తుపట్టవచ్చును. ఆనాడు అది ఒక అడవిప్రేమికుని పరిశీలన మాత్రమే. దాని విలువ తెలియడానికి ఇంకా అరువది ఏండ్లకు పైగా పట్టినది.

ఛాంపియన్ దారిలో నడచినవారిలో జిమ్ కార్బెట్ ముఖ్యుడు. నరమాంసం మరిగిన పులులను కూల్చి కుమాయూను పల్లెలను కాపాడిన ఈ వేటకాడు 1920ల చివర చలనచిత్రపు కెమేరా చేపట్టినాడు. కెమేరా చేసే చప్పుడు పులి చెవిని పడకుండా నీటిసవ్వడి వినిపించే వాగు ఒడ్డున చోటు ఎంచుకొని, నెలల తరబడి కాచుకొని, పట్టపగటి వెలుగులో ఏడు పులులను ఒకేచోట చిత్రించినాడు. తుపాకికి దక్కిన జ్ఞాపిక సంపాదించినవానికి మాత్రమే ఆనందమిస్తుంది, చిత్రం అయితే వన్యప్రాణులను ప్రేమించేవారందరిదీ అవుతుంది అని ఆయన 1944లో వెలువడిన తన ‘మ్యాన్‌ఈటర్స్ ఆఫ్ కుమాయూన్’ చివర అభిప్రాయపడినాడు. 1936లో ఆ ప్రాంతంలోనే దేశపు మొట్టమొదటి జాతీయవనం ఏర్పడినది. 1957లో దానికి కార్బెట్ పేరు పెట్టినారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ విద్య శాస్త్రానికి నేరుగా తోడ్పడిన ఉదాహరణ ఒకటి అస్సాంలో దొరుకుతుంది. తేయాకు తోటల యజమాని ఇ. పి. గీ 1953లో భూటాను సరిహద్దు అడవులలో బంగారువన్నె కొండముచ్చులను కనుగొని చిత్రించినాడు. స్థానికులకు తెలిసిన ఆ జంతువు శాస్త్రజ్ఞుల పట్టికలో లేదు. 1956లో దానికి ఆయన పేరు మీదుగానే శాస్త్రీయనామం ఏర్పడినది. గీ 1964లో ప్రచురించిన ‘ది వైల్డ్ లైఫ్ ఆఫ్ ఇండియా’కు జవహర్‌లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాసినాడు. మృగయకు పేరుపడిన దేశంలో ప్రధానమంత్రి ఇటువంటి పుస్తకాన్ని ఆదరించడం మారుతున్న కాలానికి గుర్తు.

దక్షిణదేశంలో మద్రాసువాసి మా. కృష్ణన్ ఈ కళకు ఒక నిష్ఠను ఇచ్చినాడు. తమిళ నవలాకారుడు మాధవయ్య కుమారుడైన కృష్ణన్ 1950 నుండి 1996లో మరణించేదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గురించిన శీర్షిక నడపినాడు. వివిధ కెమేరాల భాగాలను తానే కూర్చి చేసుకొన్న బరువైన యంత్రాన్ని భుజాన వేసుకొని, ఏనుగు మీద కూర్చుండి ముదుమలై అడవులలో తిరిగేవాడు. రంగులను ఆశించక నలుపు తెలుపులనే నమ్ముకొన్నాడు. ఆయన చిత్రాలలో జంతువు అందంగా నిలబడి ఉండదు. మేస్తూ, పోట్లాడుతూ, పిల్లను కాచుకొంటూ తన పనిలో తాను ఉంటుంది. పెద్దపులితో సమానంగా ముంగిసకు, పిచ్చుకకు, ఊరి చెరువుగట్టుకు ఆయన చూపులో చోటున్నది. స్మరణీయమైన దృశ్యం దూరదేశంలోనే ఉండవలసిన పని లేదని ఆయన వ్రాతలు, చిత్రాలు నేర్పినవి.

ఇంతలో పులికి గడ్డుకాలం వచ్చినది. 1972లో చేసిన లెక్కలో దేశం మొత్తం మీద తేలిన పులులు 1,827. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణచట్టం వచ్చినది. 1973లో పులుల రక్షణపథకం మొదలైనది. అయితే లెక్క పాదముద్రల మీద ఆధారపడినది. ఆ ముద్రలను చూచి ఇన్ని పులులున్నవని వ్రాసుకొంటూ వచ్చిన రాజస్థానంలోని సరిస్కా అడవిలో 2005 నాటికి ఒక్క పులి కూడా లేదని తేలినది. అన్నిటినీ దొంగవేటగాళ్లు చంపివేసినారు. కాగితం మీద మాత్రం అవి బ్రతికే ఉన్నవి. ఛాంపియన్ చిన్నసంగతి అక్కరకు వచ్చినది ఈ సందర్భంలోనే. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్ దారులకు ఇరువైపులా కెమేరాలు అమర్చి, చారలను బట్టి ఒక్కొక్క పులినీ గుర్తించి సంఖ్య కట్టే పద్ధతిని స్థిరపరచినాడు. తరువాత దేశమంతటా అదే మార్గం అనుసరించినారు. 2018లో జరిగిన గణనలో 26,838 చోట్ల కెమేరాలు పెట్టగా మూడుకోట్ల నలువది ఎనిమిది లక్షలకు పైగా చిత్రాలు వచ్చినవి; వాటిలో పులి చిత్రాలు 76,651. వాటి ఆధారంతో దేశంలో 2,967 పులులున్నవని అంచనా వేసినారు. 2022 గణనలో ఆ అంచనా 3,682కు పెరిగినది. ఒకనాడు చచ్చిన పులి పక్కన గర్వానికి తీసిన చిత్రం, నేడు బ్రతికిన పులికి హాజరుపట్టీ అయినది.

అయినా కెమేరా దానంతట అది పుణ్యాత్మురాలు కాదు. నేడు అది లేని యాత్రికుడు లేడు. అడవిదారిలో ఒక పులి కనిపిస్తే పది బండ్లు చుట్టుముట్టి దాని దారిని కట్టివేస్తున్నవి. గూడు చిత్రించవలెనని కొమ్మలు తొలగిస్తే, నీడ పోయి పక్షిపిల్ల ఎండకు మాడుతుంది, గ్రద్ద కంటబడుతుంది. తుపాకి ఎత్తకపోయినా వేటగాని ఆత్రం మనిషిలో మిగిలే ఉండవచ్చును. బోర్న్ కాలంలో బరువు కూలీల వీపు మీద పడినది. ఈ కాలంలో అది మూగజీవాల మీద పడుతున్నది. చూచినదానికి హాని జరగకుండా చూడడం తెలియనివాడు ఎంత మంచి చిత్రం తెచ్చినా, అతడు తెచ్చినది పులితోలు వంటిదే.

ఈ చరిత్ర మంచిచెడ్డలు రెండూ మన కృష్ణాతీరంలో ఒకేచోట కనిపిస్తున్నవి. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది. 1955లో ఆనకట్టకు పునాది పడగా, నీరు రాకముందే ఆ లోయనంతా త్రవ్వి చూడవలెనని 1954 నుండి 1960 దాకా పురావస్తుశాఖ పూనుకొని పనిచేసినది. త్రవ్వినవారు స్తూపాలను, విహారాలను, స్నానఘట్టాలను, వీధులను పొల్లుపోకుండా చిత్రించినారు. కొన్ని కట్టడాలను కొండమీద, అనుపు ఒడ్డున మరల నిలిపినారు. తక్కిన నగరమంతా జలాశయం అడుగున ఉన్నది. ఆ లోయ ఉన్నది ఉన్నట్టుగా చూడగోరే యాత్రికునికి ఇకమీదట ఏ దారీ లేదు, ఆ ఛాయాచిత్రాలు తప్ప. చిత్రం అక్కడ నగరాన్ని కాపాడలేదు. నగరం ఉండెనన్న జ్ఞాపకాన్ని మాత్రం కాపాడినది.

అదే జలాశయానికి ఎగువన, నల్లమల అడవులలో, చెట్టుమొదళ్లకు కట్టిన కెమేరాలు రాత్రింబవళ్లు మేలుకొని ఉన్నవి. 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఆ వనం 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఆంధ్రప్రదేశానికి, తెలంగాణకు పంచుకొనబడినది. పులికి మాత్రం ఆ సరిహద్దు తెలియదు. అడవిని పుట్టినింటిగా ఎరిగిన చెంచులలో కొందరు దానికి కాపలా కాస్తున్నారు. పులి నడిచే దారి వారి కంటికి తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు. నీటి క్రింది నగరానికి చిత్రం ఆలస్యంగా వచ్చినది. నల్లమల పులికి అది వేళకే చేరినది. దానిని చూచి ఏమి చేయవలెనో నిర్ణయించుకొనవలసినది చూచేవారే.